హ్యూస్టన్‌లో ఇల్లు కొనబోతున్న తెలుగువాళ్లకు: ముందు మీ బయూ ఏదో కనుక్కోండి

హ్యూస్టన్ చుట్టుపక్కల ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఇల్లు కొందామనుకుంటున్న తెలుగు కుటుంబాలందరికీ,

మన వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్ల గురించి వచ్చే ప్రశ్నలు చూసీ చూసీ ఇది రాస్తున్నాను. స్కూల్ రేటింగ్ ఎంత, ఈస్ట్ ఫేసింగ్ దొరుకుతుందా, మడ్ ట్యాక్స్ (నీళ్లు, డ్రైనేజీ చూసే స్థానిక డిస్ట్రిక్ట్‌కి కట్టే పన్ను) ఎంత పడుతుంది, గుడికి ఎంత దూరం, ఏ బిల్డర్ వడ్డీ తగ్గించి ఇస్తున్నాడు. అన్నీ అడగాల్సినవే, కాదనను. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉండిపోతోంది. ఈ స్థలంలో పడిన వాన ఎటు పోతుంది? ఏ బయూలోకి పోతుంది, ఆ బయూ నిండితే ఎక్కడ ఆగుతుంది? కిచెన్ కౌంటర్ గ్రానైటా క్వార్ట్జా అని మూడు వారాలు తర్జనభర్జన పడేవాళ్లు దీనికి మూడు నిమిషాలు ఇవ్వట్లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నా. ఫ్రీవే మీద వెళ్తుంటే వంతెన కింద వెడల్పాటి కాలవ ఒకటి కనిపిస్తుంది చూడండి, ఏటవాలు గట్లు, కొన్ని చోట్ల సిమెంటు, కొన్ని చోట్ల గడ్డి, అడుగున సన్నగా గోధుమరంగు నీళ్లు, ఆ నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. అదే బయూ. పారుతోందో నిలబడిందో ఒక్క చూపులో చెప్పలేం, నీటి మీద పడ్డ ఆకు వంతెన ఇటు నుంచి అటు దాటేసరికి మన చేతిలో కాఫీ అయిపోతుంది. దీన్ని చూసి "ఇదా మన ఇళ్లు ముంచేది" అని నవ్వుకుంటారు మొదటిసారి చూసినవాళ్లు. గట్టి వాన మూడు నాలుగు గంటలు పడ్డాక అదే వంతెన మీదకెళ్లి చూస్తే నవ్వు రాదు. అంత లోతు కాలవ నిండుగా, పెద్ద చప్పుడు కూడా లేకుండా, వంతెన దూలాలను తాకుతూ కదులుతుంటుంది.

అసలీ ఊరు పుట్టిందే బయూ ఒడ్డున. 1836లో అలెన్ సోదరులు బఫెలో బయూ, వైట్ ఓక్ బయూ కలిసే చోట స్థలం కొని, పడవలొస్తాయని చెప్పి ప్లాట్లు అమ్మారు. అంటే ఇక్కడ నీళ్ల పక్కన ప్లాట్లు అమ్మే వ్యాపారం ఊరి కంటే ఒక రోజు ముందే మొదలైందన్నమాట. ఆ పడవల దారే కిందికి వెళ్లి, తవ్వి లోతు చేశాక, 1914లో షిప్ ఛానెల్ అయింది. బఫెలో, వైట్ ఓక్, బ్రేస్, సిమ్స్, గ్రీన్స్, హాల్స్, హంటింగ్, ఆర్మండ్, ఇవి కాక సైప్రస్ క్రీక్, క్లియర్ క్రీక్ లాంటివి. హ్యూస్టన్‌లో ఎక్కువ భాగం ఉన్న ఒక్క హ్యారిస్ కౌంటీలోనే ఇరవైకి పైగా పరీవాహక ప్రాంతాలున్నాయి, కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్ చూసుకునే కాలవలన్నీ కలిపి కొలిస్తే దాదాపు 2,500 మైళ్లు. మీరు ఈ కౌంటీలో ఎక్కడ ఇల్లు కొన్నా ఏదో ఒక బయూకో క్రీక్‌కో మీరు చందాదారులే.

నీరు పల్లమెరుగు అంటాం కదా. ఇక్కడి చిక్కేమిటంటే ఆ నీటికే పల్లం ఎటో సరిగ్గా తెలియదు. ఊరికి పడమటగా ఉన్న కేటీ దగ్గర నేల సముద్రమట్టానికి సుమారు 140 అడుగుల ఎత్తు, డౌన్‌టౌన్ దగ్గర 50 అడుగులు, మధ్య దూరం ముప్పై మైళ్లకి దగ్గర. లెక్కేస్తే మైలుకి మూడడుగుల వాలు. మనం బాత్రూంలో నీళ్లు నిలవకూడదని పెట్టించే వాలు కూడా దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. డౌన్‌టౌన్ దగ్గరికి వచ్చేసరికి బఫెలో బయూ అడుగు ఇంచుమించు సముద్రం మట్టానికే వచ్చేస్తుంది. షెపర్డ్ డ్రైవ్ వంతెన దాకా సముద్రపు పోటు ప్రభావం ఉంటుంది, అంటే గాల్వెస్టన్ బేలో నీరు పెరిగితే ఊరి మధ్యలో బయూ నీరు కూడా పెరుగుతుంది. తుఫాను రోజున సముద్రం ఎగదన్నుతుంటే పై నుంచి వచ్చే వాన నీరు ఎటు పోవాలి? ఎటూ పోదు, ఆగి పక్కలకి పాకుతుంది. కొండప్రాంతంలో వరదొస్తే హోరుమని వస్తుంది, పరిగెత్తాలని తెలుస్తుంది. ఇక్కడ చాప కింద నీరులా వస్తుంది, కాకపోతే చాపకి బదులు కార్పెట్.

ఇంకో విషయం, వాలు ఇంత తక్కువగా ఉంటే పరీవాహక ప్రాంతాల మధ్య గట్టు అంటూ సరిగ్గా ఉండదు. వాయవ్యాన సైప్రస్ క్రీక్ ఉంది. పెద్ద వాన పడితే దాని నీళ్లు దాని దారిన పోకుండా దక్షిణానికి పొంగి అడిక్స్ రిజర్వాయర్ వైపు వచ్చేస్తాయి. మ్యాపులో గీత ఉంటుంది, నేల మీద ఉండదు. కాబట్టి "మా ఇల్లు ఆ క్రీక్ నుంచి చాలా దూరం అండీ" అనే మాటకి ఇక్కడ పెద్ద విలువ లేదు.

మట్టి సంగతి చెప్తే మన వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ చాలా చోట్ల ఉన్నది నల్లరేగడి జాతి బంకమట్టే, స్థానికులు గంబో అంటారు. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది, ఒకసారి తడిసి ఉబ్బాక చుక్క నీటిని లోపలికి పోనివ్వదు. ఫౌండేషన్ బీటలకి కారణం ఇదే, వాన నీరు పై పైనే నిలవడానికి కారణమూ ఇదే. పైగా కేటీ చుట్టూ ఒకప్పుడు వరి పొలాలు, గడ్డి మైదానాలు ఉండేవి, అవి నీటిని కొన్నాళ్లు పట్టి ఉంచేవి. ఆ పొలాల మీదే ఇప్పుడు మన డ్రైవ్‌వేలు, మాల్ పార్కింగులు.

ఇక అడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువగా ఇళ్లు చూసే పడమటి వైపున్నవి అవే. 1929లో, మళ్లీ 1935లో డౌన్‌టౌన్ మునిగింది. దాంతో 1937లో ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్ పుట్టింది. 1940లలో ఆర్మీ ఇంజినీర్ల కోర్ ఊరికి పడమటగా ఈ రెండు మట్టికట్టలు కట్టింది. మామూలు రోజుల్లో వీటి వెనక నీళ్లుండవు. బార్కర్ లోపలున్నదే జార్జ్ బుష్ పార్క్, మన పిల్లలు క్రికెట్, సాకర్ ఆడుకునే మైదానాల్లో ఎన్నో ఈ రెండు రిజర్వాయర్ల లోపలే ఉన్నాయి. హైవే 6 మీద రోజూ దాటేవాళ్లలో చాలామందికి తాము రిజర్వాయర్ పక్కన వెళ్తున్నామనే తెలియదు. అసలు మెలిక ఏమిటంటే, కట్ట పూర్తిగా నిండితే నీరు ఎక్కడిదాకా నిలుస్తుందో అక్కడిదాకా భూమిని ప్రభుత్వం కొనలేదు. కొనని ఆ అంచు ప్రైవేటు భూమిగానే ఉండిపోయింది, ఏళ్లు గడిచాక అందులో సబ్‌డివిజన్లు లేచాయి. వీధులకి మంచి పేర్లు, ఎంట్రెన్స్‌లో ఫౌంటెన్, అంతా బాగుంది. పక్కనున్న ఫోర్ట్ బెండ్ కౌంటీ వైపు కొన్ని సబ్‌డివిజన్ల ప్లాట్ కాగితం (స్థలాల హద్దులు చూపే అధికారిక మ్యాపు) మీద మాత్రం చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, ఇది బార్కర్ రిజర్వాయర్‌ను ఆనుకుని ఉంది, కోర్ నిర్వహణలో ఎక్కువ కాలం నీట మునిగే అవకాశం ఉంది అని. క్లోజింగ్ రోజున వంద కాగితాల మీద సంతకాలు పెట్టే హడావుడిలో ప్లాట్ కాగితం తీసి చదివేవాళ్లెవరు?

2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చింది. కొన్ని చోట్ల 40 అంగుళాలు దాటిన వాన నాలుగు రోజుల్లో పడింది. రెండు రిజర్వాయర్లూ ముందెన్నడూ లేనంత నిండాయి. కట్ట వెనకున్న ఇళ్లలోకి నీరు పాకింది. ఆగస్టు 28 తెల్లవారుజామున గేట్లు తెరిచాక కట్ట ముందు, బఫెలో బయూ పొడవునా ఉన్న ఇళ్లు మునిగాయి. వాన ఆగి ఎండ కాస్తున్నా ఆ ఇళ్లలో నీరు రోజుల తరబడి అలాగే ఉంది, ఎందుకంటే బయూ మెల్లగా మాత్రమే పోనివ్వగలదు. కేసులు నడిచాయి. కట్ట వెనక ఇళ్ల విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు 2019 డిసెంబరులో తీర్పిచ్చింది. కట్ట ముందున్నవాళ్ల కేసును అదే కోర్టులో ఇంకో జడ్జి కొట్టేస్తే 2022లో అప్పీల్ కోర్టు దాన్ని తిరగదోడింది. కోర్టుల సంగతి ఎలా ఉన్నా, ఆ ఇళ్లు అక్కడే ఉన్నాయి. షీట్‌రాక్ మార్చి, కొత్త ఫ్లోరింగ్ వేసి, తెల్ల పెయింట్ కొట్టి మళ్లీ అమ్మకానికీ వస్తున్నాయి.

పాత ఇల్లు కొనేవాళ్లకి ఒక రక్షణ ఉంది. 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో అమ్మేవాళ్లు డిస్‌క్లోజర్ ఫారంలో చాలా వివరంగా రాయాలి. ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్లొచ్చాయా, వందేళ్ల వరద ప్రాంతంలో ఉందా (ఈ మాటకి అర్థం కింద చెప్తాను), ఐదొందల ఏళ్లదానిలో ఉందా, రిజర్వాయర్ ఫ్లడ్ పూల్‌లో, అంటే రిజర్వాయర్ నిండితే నీరు నిలిచే చోట ఉందా, అన్నీ. కానీ మన వాళ్లలో చాలామంది కొనేది పాత ఇల్లు కాదు. కొత్తది, ఇంకా ఎవరూ కాపురం పెట్టనిది. చట్టప్రకారం ఎవరూ నివసించని కొత్త ఇంటికి ఈ ఫారం అవసరం లేదు! ఇల్లు కొత్తది కావచ్చు, నేల కొత్తది కాదు కదా. 2017లో అక్కడ ఇల్లే లేదు కాబట్టి "ఇక్కడ ఏ ఇల్లూ మునగలేదండీ" అని సేల్స్ ఆఫీసులో ధైర్యంగా చెప్పగలరు, అది అబద్ధం కూడా కాదు. నాకు ఒకచోట సరిగ్గా ఇదే జవాబు వచ్చింది. మరి అప్పుడు ఈ పొలంలో నీళ్లు నిలిచాయా అని అడిగితే ఆవిడ నవ్వి నీళ్ల సీసా ఒకటి చేతిలో పెట్టింది.

లేక్ వ్యూ లాట్ల గురించి కూడా చెప్పాలి. కమ్యూనిటీ మధ్యలో చెరువు, చుట్టూ వాకింగ్ ట్రెయిల్, బాతులు, ఆ వరసలో ఇంటికి ప్రీమియం కింద వేల డాలర్లు ఎక్కువ. అవి చాలావరకు డిటెన్షన్ పాండ్లు. బిల్డర్ ముచ్చటపడి తవ్వినవి కావు, ఇంత నేలని కాంక్రీటు చేస్తున్నావు కాబట్టి ఆ నీటిని నువ్వే ఆపి మెల్లగా బయూలోకి వదలాలి అనే రూలు కింద తవ్వినవి, ఆ తవ్విన మట్టితోనే మన ఇళ్లకి ఎత్తు వేస్తారు. తప్పు లేదు, మంచి పనే. పక్కన చెరువుంటేనే ముప్పు అని కూడా అనను, చక్కగా కట్టిన పాండ్ ఇంటిని కాపాడుతుంది. ఈశాన్యంలో నీళ్లున్నాయని వాస్తు చూసి మురిసిపోయి కొనేవాళ్లు మాత్రం, పనిలో పనిగా ఆ పాండ్ ఏ వానకి సరిపోయేలా కట్టారో అడగండి. 2018లో నోవా (అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ) వాళ్లు వాన లెక్కలు తిరగరాశారు. హ్యూస్టన్ ప్రాంతంలో వందేళ్ల వాన అంటే 24 గంటల్లో సుమారు 13 అంగుళాలు అనుకునేది కాస్తా 18కి దగ్గరైంది. ఆ లెక్కకి ముందు డిజైన్ చేసిన సెక్షన్ వేరు, తర్వాతది వేరు. ఒకే కమ్యూనిటీలో రెండూ ఉండొచ్చు.

ఇప్పుడు జోన్ ఎక్స్, అంటే ఫెడరల్ వరద మ్యాపులో వందేళ్ల వరద ప్రాంతానికి బయటున్న చోటు. "జోన్ ఎక్స్ అండీ, ఫ్లడ్ ఇన్సూరెన్స్ అవసరం లేదు" అనే మాట మీరు తప్పకుండా వింటారు. అందులో నిజం ఎంతంటే, బ్యాంకు అడగదు. అంతే. హార్వీలో హ్యారిస్ కౌంటీలో లక్షన్నరకు పైగా ఇళ్లు మునిగాయి, వాటిలో సగానికి దగ్గర మ్యాపులో వందేళ్ల, ఐదొందల ఏళ్ల ప్రాంతాలు రెండిటికీ బయటున్నవి. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది అనుకుంటారు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం అని దాని అర్థం. ముప్పై ఏళ్ల లోన్ కాలానికి లెక్కేస్తే నూటికి 26. బ్రేస్ బయూ పక్కన మేయర్‌ల్యాండ్‌లో 2015, 2016, 2017 వరసగా మూడేళ్లు మునిగిన ఇళ్లున్నాయి. మామూలు హోం ఇన్సూరెన్స్ వరద నష్టానికి పైసా ఇవ్వదు. ఫెడరల్ ఫ్లడ్ ప్రోగ్రాంలో ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు, సామానుకి లక్ష డాలర్లు గరిష్ఠం, అంతకు మించి కావాలంటే ప్రైవేటుగా తీసుకోవాలి. మామూలుగా పాలసీ తీసుకున్నాక అది మొదలవడానికి 30 రోజులు పడుతుంది, కాబట్టి గల్ఫ్‌లో తుఫాను పుట్టింది అని టీవీలో చూసి ఫోన్ చేస్తే లాభం లేదు. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది, మీరే వెనక్కి లెక్కేసుకోండి.

షుగర్ ల్యాండ్, మిస్సోరి సిటీ వైపు కథ కొంచెం వేరు. అక్కడ చాలా కమ్యూనిటీలు బ్రేజోస్ నదికి కరకట్ట కట్టుకుని దాని లోపల ఉన్నాయి, టాక్స్ బిల్లులో ఎల్‌ఐడీ (లెవీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అని కనిపించేది ఆ కట్టకే. 2017లో రిచ్‌మండ్ దగ్గర నది 55 అడుగులు దాటినా పెద్ద కట్టలు నిలబడ్డాయి. అయితే నది ఎత్తుగా ఉన్నప్పుడు కట్ట లోపల పడిన వాన తనంతట తాను బయటికి పోలేదు, పంపులతో ఎత్తి పోయాలి. కాబట్టి అక్కడ అడగాల్సింది కట్ట ఎత్తు ఒక్కటే కాదు, పంపులెన్ని, హార్వీ తర్వాత పెంచారా అని. ఎల్‌ఐడీ మీటింగులు అందరూ వెళ్లగలిగేవే. మన వాళ్లు ఒక్కరూ కనపడరు.

అధికారులు చేతులు ముడుచుకు కూర్చోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. హార్వీకి సరిగ్గా ఏడాది నిండిన రోజు, 2018 ఆగస్టు 25న, హ్యారిస్ కౌంటీ ఓటర్లు వరద నివారణ పనుల కోసం 250 కోట్ల డాలర్ల బాండ్‌కి భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు. బ్రేస్ బయూని వెడల్పు చేసి, వంతెనలు మార్చి, చెరువులు తవ్విన ప్రాజెక్టుకి దాదాపు 48 కోట్ల డాలర్లు, రెండు దశాబ్దాలకి దగ్గర కాలం పట్టింది. ఒక్క బయూకి అంత. మీ ఇంటి దగ్గర పని ఎప్పుడవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇదంతా చదివి బయూ అంటేనే భయపడి ఆస్టిన్‌కి సర్దేయకండి. నాకైతే ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. 1960లలో బఫెలో బయూకి కూడా సిమెంటు వేసేద్దామనుకుంటే టెర్రీ హెర్షీ అనే ఆవిడ, ఇరుగుపొరుగు వాళ్లు అడ్డం పడ్డారు, అప్పటి కాంగ్రెస్ సభ్యుడు జార్జ్ బుష్, అదే, తర్వాత అధ్యక్షుడైన పెద్ద బుష్, వాళ్ల పక్షాన నిలబడ్డాడు. అందుకే ఇవాళ అక్కడ చెట్లున్నాయి, తాబేళ్లున్నాయి, సాయంత్రం వా (Waugh) వంతెన కింద నుంచి గబ్బిలాలు మేఘంలా లేస్తాయి. ఆర్మండ్ బయూలో మొసలి జాతి అలిగేటర్లు ఎండకి పడుకుని కనిపిస్తాయి. పిల్లల్ని తీసుకెళ్లండి, ఒడ్డున చెట్ల కొమ్మల్లో మీ తల కంటే ఎత్తున చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు చూపించండి. పోయినసారి నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఏ మ్యాపూ అంత బాగా చెప్పదు.

ఇల్లు నచ్చిందా, ఆప్షన్ పీరియడ్‌లో (ఒప్పందం రాసుకున్నాక వెనక్కి తగ్గడానికి వీలున్న కొద్ది రోజుల్లో) గట్టి వాన పడితే అదృష్టం అనుకుని గొడుగేసుకుని వెళ్లండి. వీధిలో నీళ్లు నిలిస్తే వెంటనే కంగారు పడక్కర్లేదు, ఇక్కడ వీధుల్ని కొంతసేపు నీరు నిలిచేలాగే కడతారు, ఇల్లు మునగడం కంటే వీధి మునగడం మేలని. చూడాల్సింది అది గంటలో దిగిందా, లేక గ్యారేజీ వైపు ఎక్కుతోందా అని. వాన పడకపోతే కౌంటీ ఫ్లడ్ వార్నింగ్ సైటు తెరిచి మీకు దగ్గరి వంతెన మీద ఉన్న గేజ్ (నీటిమట్టం కొలిచే పరికరం) వెతకండి, గట్టు ఎత్తు ఎంత, పాత తుఫానుల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో అందులో ఉంటుంది. ప్లాట్ కాగితం అడిగి తీసుకుని దాని మీద నోట్స్ చదవండి, చదవడం విసుగైతే కనీసం "రిజర్వాయర్" అన్న మాట ఉందేమో వెతకండి. అద్దెకి దిగేవాళ్లు కూడా అడగొచ్చు, గడిచిన ఐదేళ్లలో ఇల్లు మునిగిందా, వందేళ్ల వరద ప్రాంతంలో ఉందా అన్నది ఓనరు తనకు తెలిసినంతవరకు రాసివ్వాలని 2022 జనవరి నుంచి రూలు ఉంది.

చివరగా, ఇక్కడ ఇప్పటికే ఇళ్లున్న మనవాళ్లకి. కొత్తవాళ్లు గ్రూపులో "ఈ కమ్యూనిటీ ఎలా ఉంటుందండీ" అని అడిగితే "సూపర్, ఇండియన్స్ ఎక్కువ" అని నలుగురు రాస్తారు, 2017లో మీ వీధిలో పడవలు తిరిగిన సంగతి ఒక్కరూ రాయరు. రీసేల్ విలువ పడిపోతుందనే టెన్షన్ నాకూ అర్థమవుతుంది. కానీ మీ ఇంట్లోకి నీళ్లొచ్చి ఉంటే అమ్మే రోజున ఆ ఫారంలో ఎలాగూ రాసి సంతకం పెట్టాల్సిందే. ఆ రెండు ముక్కలూ గ్రూపులో ఇప్పుడే చెప్పండి.